బిడ్డ కదలిక తగ్గిందా? తెల్లారేదాకా ఆగొద్దు

ఏ.ఎస్. రావు నగర్, పరిసర కాలనీల గర్భిణులకు, కుటుంబ సభ్యులకు, సేవా బృందాలకు

అమ్మా, "నెలలు నిండాయి కదా, చోటు చాలక బిడ్డ తిరగట్లేదు. పొద్దున చూద్దాంలే" అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. ప్రేమతో అనే మాటే, కానీ నిజం కాదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కాన్పు దాకా కదులుతూనే ఉంటుంది.

మృత శిశు జననం అంటే?

28 వారాలు దాటాక బిడ్డ ప్రాణం లేకుండా పుట్టడం. ప్రపంచంలో ఇలాంటి మరణాల్లో 40 శాతానికి పైగా నొప్పులు మొదలయ్యాకే జరుగుతున్నాయి. బీపీ, షుగర్, రక్తహీనత, సిఫిలిస్ వంటివి ముందే పట్టుకుంటే చాలా ముప్పు తప్పించవచ్చు.

మీరు చేయాల్సినవి

• ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ చెకప్ ఉచితం. నాలుగో నెల నుంచి తప్పక వెళ్లండి. ఇది ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి జరుగుతోంది.
• ఐరన్ మాత్రలు 180 రోజులు మానకుండా వేసుకోండి.
• 28 వారాల తర్వాత పక్కకు తిరిగి పడుకోండి. మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే కంగారొద్దు, మళ్లీ పక్కకు తిరిగితే చాలు.
• మీ బిడ్డ రోజూ ఎలా తిరుగుతుందో గమనించండి. అందులో తేడా వస్తే, రక్తస్రావమైతే, ఉమ్మనీరు పోతే, తలనొప్పితో చూపు మసకబారితే అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి. కార్డు వెంట తీసుకెళ్లండి.

సేవా బృందాలకు

అమెరికాలోని అయోవాలో బిడ్డలను పోగొట్టుకున్న ఐదుగురు తల్లులు కలిసి, కదలికలు గమనించమని తోటి గర్భిణులకు చెప్పడం మొదలుపెట్టారు. మన దగ్గర సీమంతం, అంగన్‌వాడీ, మహిళా సంఘం మీటింగ్ ఉన్నాయి. అక్కడ ఐదు నిమిషాలు ఈ మాట చెప్పండి. అత్తగారు, భర్త కూడా వినాలి. బండి తీయాల్సింది వాళ్లే.

బిడ్డను కోల్పోయిన తల్లికి

తప్పు మీది కాదమ్మా. ఎవరూ ఆమెను నిందించొద్దు. 2025 వరకు అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 'బిడ్డ' అంటే చనిపోయి పుట్టిన బిడ్డ కూడా అని ఉండేది. చర్లపల్లి, కుషాయిగూడ కంపెనీల్లో పనిచేస్తూ ప్రసూతి ప్రయోజనాలకు అర్హత ఉన్నవారికి జీతంతో కూడిన ప్రసూతి సెలవు రద్దు కాదు. మళ్లీ గర్భం దాల్చితే మొదటి చెకప్‌లోనే ఈ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఈ పేజీని మీ ఇంటి పెద్దవాళ్లకు చదివి వినిపించండి.