మోకాలి తాళం

ఒక కర్రను నేలమీద నిలువుగా నిలబెట్టి చేయి తీసేయండి. పడిపోతుంది. ఆ కర్రను మూడు ముక్కలు చేసి, మడత బందులతో కలిపితే? చేయి వదిలీ వదలకముందే కుప్పకూలుతుంది. మన కాలూ ఇంచుమించు అటువంటిదే. తుంటి, మోకాలు, చీలమండ అనే మూడు కీళ్ల దగ్గర అది మడత పడుతుంది. అయినా బడిలో ప్రార్థన ముగిసేదాకా మీరు తిన్నగా నిలబడగలుగుతున్నారు. ఈ కీళ్లు మడత పడకుండా పట్టి ఉంచుతున్నదేది?

"కండరాలు" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. అది సగం జవాబే. మిగతా సగం తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

మీ స్నేహితుణ్ణి మోకాళ్లు తిన్నగా ఉంచి, బిగపట్టకుండా హాయిగా నిలబడమనండి. అతని మోకాటి చిప్పను వేళ్లతో మెల్లగా అటూ ఇటూ జరపండి. సులువుగా కదులుతుంది. ఇప్పుడు మోకాళ్లను కొంచెం వంచి నిలబడమనండి. చిప్ప బిగుసుకుపోతుంది. తొడ ముందు భాగం గట్టిపడుతుంది. కొద్దిసేపటికే అతడు "అమ్మో, నొప్పి!" అంటాడు.

కారణమేమిటి? తొడ ముందున్న నాలుగు కండరాల సముదాయం మోకాటి చిప్ప ద్వారా కాలి ఎముకను లాగి, మోకాలిని చాపుతుంది. చిప్ప వదులుగా ఉన్నదంటే ఆ కండరాలు విశ్రాంతిగా ఉన్నాయన్నమాట. తిన్నగా నిలబడినప్పుడు శరీరపు బరువు పడే లంబరేఖ మోకాలి కీలుకు కొంచెం ముందుగా పోతుంది. అందువల్ల బరువు మోకాలిని మడవదు, ఇంకా వెనక్కి నెడుతుంది. అంతకు మించి వెనక్కి పోకుండా కీలు వెనుకనున్న సంధిబంధనాలు గట్టి తాళ్లలాగా ఆపుతాయి. తలుపుకు గడియ పడినట్లే! తుంటి దగ్గర కూడా ఇంతే. అక్కడ బరువు కీలుకు కొంచెం వెనుకగా పడుతుంది, ముందున్న బలమైన సంధిబంధనం ఆపుతుంది.

చీలమండకు మాత్రం ఇటువంటి గడియ లేదు. బరువు దానికి ముందుగా పడుతుంది కనుక శరీరం ఎప్పుడూ ముందుకు ఒరగాలని చూస్తుంది. దానిని పిక్క కండరాలు మడమ వెనుకనుండి లాగి పట్టుకుంటాయి. నిలబడి కొంచెం ముందుకు వాలండి. పిక్కలు బిగుసుకోవడం మీకే తెలుస్తుంది.

ఇక నడక సంగతి చూద్దాం. అడుగు వేయాలంటే ముందుగా ఈ గడియ తీయాలి. వెనుక కాలి పిక్క మడమను పైకెత్తి శరీరాన్ని ముందుకు తోస్తుంది. మోకాలు మడుచుకొని కాలు పొట్టిదవుతుంది. లేకపోతే బొటనవేలు నేలకు తగులుతుంది. తరువాత ఆ కాలు గడియారపు లోలకంలాగా ముందుకు ఊగుతుంది. లోలకంతో ఈ పోలికను జర్మనీకి చెందిన వేబర్ సోదరులు 1836లోనే తమ గ్రంథంలో వివరించారు. అయితే ఆ ఊపును మొదలుపెట్టడానికీ, ఆపడానికీ కండరాలు కూడా కావాలని తరువాత తెలిసింది.

మడమ నేలకు తగలగానే అసలు పరీక్ష మొదలవుతుంది. శరీరపు బరువు ఆ కాలిమీదికి వస్తుంది, మోకాలు కొంచెం వంగుతుంది. అది పూర్తిగా కూలిపోకుండా తొడ ముందు కండరాలు ఆపుతాయి. బావిలోకి చేదను దించేటప్పుడు తాడును ఒక్కసారిగా వదలం, బిగించి పట్టుకొని కొంచెం కొంచెంగా వదులుతాం కదా! కండరం కూడా అలాగే బిగుసుకుంటూనే సాగుతుంది. అదే సమయంలో తుంటి పక్కనున్న కండరం నడుము రెండోవైపుకు ఒరగకుండా చూస్తుంది. తుంటి పక్కన చేయి పెట్టుకొని రెండో కాలు ఎత్తి చూడండి, అది గట్టిపడుతుంది.

తొడ ముందు కండరాలు పనిచేయకపోతే? పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను నడిపించే నాడీకణాలను నాశనం చేస్తుంది. ఆజ్ఞ అందని కండరం క్షీణిస్తుంది. అలా తొడ కండరాలు చచ్చుబడినవారిలో కొందరు ఆ కాలు మోపిన ప్రతిసారీ మోకాలికి పైన తొడను చేత్తో నొక్కిపట్టి నడవడం మీరు చూసే ఉంటారు. ఎందుకో ఇప్పుడు చెప్పగలరా? ఆ చేయి మోకాలిని వెనక్కి నెడుతుంది. బరువు రేఖ కీలుకు ముందుగా వస్తుంది. గడియ పడుతుంది! కండరం చేయవలసిన పనిని చేయి చేస్తున్నదన్నమాట. కాలికి కట్టే ఇనుప కడ్డీల కాలిపర్‌లో మోకాలి దగ్గర ఉండే గడియ కూడా ఇందుకే.

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014లో దేశం పోలియో లేనిదిగా ధ్రువీకరణ పొందింది. కాని అంతకుముందు ఆ వ్యాధి సోకినవారు ఇప్పటికీ మన మధ్యనే ఉన్నారు. వారి నడకను అనుకరించి నవ్వేవారు మీ తోటివారిలో ఉంటే, మోకాటి చిప్ప ప్రయోగం చేయించి ఈ సంగతి వివరించండి.

ఆలోచించండి: కుర్చీలో నిటారుగా కూర్చొని, ముందుకు వంగకుండా, పాదాలు వెనక్కి జరపకుండా, చేతులతో ఊతం తీసుకోకుండా లేవడానికి ప్రయత్నించండి. ఎందుకు లేవలేకపోతున్నారో గరిమనాభి సాయంతో వివరించండి.