పాత కారు విలువ – ఇంజను మార్పు

‘అసలు’, ‘నకలు’ అనే మాటలు రెండూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చి స్థిరపడినవి. దస్తావేజుల విషయంలో ఈ రెంటికీ ఎంత భేదమున్నదో, పాత కార్ల బజారులోనూ అంత భేదమున్నది. మామూలు పాత కారు నానాటికీ చౌకబడుతుంది. చారిత్రకమైన కారు నానాటికీ ప్రియమవుతుంది. మొదటిదానిలో కొనేవాడు ప్రయాణ సౌకర్యాన్ని చూస్తాడు. రెండవదానిలో గతకాలపు సాక్ష్యాన్ని చూస్తాడు. ఆ సాక్ష్యంలో ప్రధాన భాగం ఇంజను.

కారు కర్మాగారం నుండి వెలువడేటపుడు చాసిస్‌పై ఒక సంఖ్య, ఇంజనుపై ఒక సంఖ్య ముద్రింపబడతాయి. ఇంగ్లండులో 1961లో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్‌నే తీసుకొందాం. ఏ చాసిస్ ఏ ఇంజనుతో, ఏ రంగుతో బయలుదేరినదో తెలిపే ధ్రువపత్రాన్ని ఆ కంపెనీ పాత చిట్టాలను భద్రపరచే ట్రస్టు ఇస్తుంది. సంఖ్యలు ఆ పత్రంతో సరిపోయిన బండికి ఒక ధర, సరిపోని బండికి అంతకంటె తక్కువ ధర. అదే నమూనాకు చెందిన, అంతే శక్తి గల మరొక ఇంజనును అమర్చినా ఈ లోటు తీరదు. నడకలో తేడా లేకపోయినా, పుట్టుకతో వచ్చిన జంట విడిపోయినది కదా! మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ఇందుకు సరిగా ఎదురు కొస. నిజాం ప్రభువుల ఉత్సవాలకు మాత్రమే వాడిన ఆ బండి తిరిగినది కొన్ని వందల మైళ్ళే.

ఇక మన ఇండ్ల ముందరి సంగతి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా 1950ల చివర మొదలై, 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారులో చిరకాలం 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఉండేది. డీజిలు చౌకగా దొరికిన రోజులలో యజమానులు అనేకులు ఆ ఇంజనును తీసివేసి, మెటాడోర్ వ్యానులోని డీజిలు ఇంజనును వేయించుకొన్నారు. అప్పటి లెక్కకు అది తెలివైన పనే, వారిని నిందించలేము. కాని డీజిలు ఇంజను బరువైనది, అదురు ఎక్కువ. దాని కొరకు బిగింపులను కోసి, కొత్తవి వెల్డింగు చేయవలసి వచ్చేది.

మా నాయనగారు కూడా అట్లే చేయించి, పాత ఇంజనును ఇనుము క్రింద అమ్మివేశారు. చాలా ఏండ్ల తరువాత కారు కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి బానెట్ ఎత్తి చూచి, ఆర్.సి. పుస్తకంలోని మొదటి ఇంజను సంఖ్యపై వేలుంచి, “ఇది ఎక్కడున్నదండీ?” అని అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆయన టీ త్రాగి, మర్యాదగా సెలవు తీసుకొన్నారు.

ఈ ప్రశ్న నేడు చట్టంలోనూ ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం, 50 ఏండ్లు దాటిన వాహనాన్ని ‘వింటేజ్’గా నమోదు చేయాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగి ఉండరాదు.

మార్పు ప్రతిసారీ నష్టమే అనడం కూడ పొరపాటే. కాలిఫోర్నియాలో సింగర్ అనే సంస్థ పోర్షే 911 కార్లను పూర్తిగా విప్పి, ఇంజనులతో సహా తీర్చిదిద్దితే, అవి మార్పు లేని కార్ల కంటె ఎన్నో రెట్లు పలుకుతున్నవి. అయితే అక్కడ కొనేవాడు చెల్లించేది పనితనానికి, చరిత్రకు కాదు. వీధి చివరి షెడ్డులో జరిగే మార్పుకు ఆ ధర రాదు.

కనుక మార్పు తప్పనిసరి అయినపుడు చూడవలసినది, దానిని తిరిగి విప్పగలమా అన్నదే. బోల్టులతో బిగించినది విప్పవచ్చు. కోసి అతికినదానిని విప్పలేము. తీసిన ఇంజనులోని నీటిని పూర్తిగా వంపి, సిలిండర్లలో కొంచెం నూనె పోసి, రంధ్రాలను మూసి, తడి తగలని చోట బల్లపై ఉంచాలి. దాని సంఖ్యను, మార్పు చేసిన తేదీని, మెకానిక్ ఇచ్చిన రసీదును ఆర్.సి. పుస్తకంతో కలిపి దాచాలి.