కృష్ణాతీరపు వంట – సంస్కృతీ మూలాలు

ఒక ప్రాంత ప్రజల సంస్కృతిని ఎరుగవలెనన్న వారి ఆలయాలను, గ్రంథాలను పరిశీలిస్తే చాలదు. వారి వంటయింటిని కూడా పరికించాలి. నేల స్వభావం, నీటి వసతి, విదేశ వర్తకం, గడచిన కరవుల జ్ఞాపకం అక్కడ రుచుల రూపంలో నిలిచి ఉంటాయి. విజయవాడ నుండి మచిలీపట్నం వరకు విస్తరించిన కృష్ణా డెల్టా వంటలు ఇందుకు చక్కని నిదర్శనం.

16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ‘ఆముక్తమాల్యద’కు కృష్ణాతీరంలోని శ్రీకాకుళ క్షేత్రంతో సంబంధం ఉంది. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు స్వప్నంలో సాక్షాత్కరించి కావ్యరచనకు ఆనతిచ్చాడని రాయలే చెప్పుకొన్నాడు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువుకు తగిన భోజనం పెడతాడు. వేసవిలో చలువ చేసే పదార్థాలు, చలికాలంలో వేడిమినిచ్చే పదార్థాలు వడ్డిస్తాడు. అయితే ఆ విందులోని కారం మిరియాలది, ఆవాలది, మిరపకాయలది కాదు.

మిరప అమెరికా ఖండంలో పుట్టిన మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా అది భారతదేశపు పశ్చిమ తీరానికి చేరి, క్రమంగా తెలుగు నేలపై పాదుకొన్నది. ‘మిరప’ అన్న పేరులో పాత ‘మిరియం’ ధ్వని నేటికీ వినిపిస్తుంది. కృష్ణకు ఆవలి గట్టున ఉన్న గుంటూరు నేడు మిరపకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పరాయి వస్తువును స్వంతం చేసుకొనడం మనకే పరిమితం కాదు. మొరాకో దేశీయులు అతిథికి మర్యాదగా అందించే పుదీనా తేనీటిలోని తేయాకు కూడా చైనా నుండి వెళ్ళినదే.

ఆవకాయ ఈ కలయికకు మంచి ఉదాహరణ. ఇందులో మామిడి, ఆవపిండి, నువ్వులనూనె మన ప్రాచీన సంపద. కారం సముద్రం దాటి వచ్చిన అతిథి. వేసవిలో పుల్లని కాయలను తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఉప్పు, కారం, ఆవపిండి కలిపి జాడీకి ఎత్తుతారు. మూడవనాడు తిరగకలిపి, ముక్క మునిగేలా నూనె పోస్తారు. ఉప్పు, పులుపు, నూనె కలిసి పచ్చడిని ఏడాది పొడవునా చెడకుండా కాపాడతాయి. ఏ పాఠశాలలోనూ నేర్వని ఈ శాస్త్రాన్ని గృహిణులు చేతి కొలతలతోనే తరతరాలకు అందించారు.

ఇక అన్నం మాట. నేడు డెల్టా అనగానే వరిపొలాలు కళ్ళకు కడతాయి. కాని 1833 నాటి గుంటూరు కరవులో కృష్ణ ప్రవహిస్తున్న సీమలోనే ప్రజలు ఆకలితో మరణించారు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన పిమ్మట వరిసాగు విస్తరించింది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడింది. అయినా కాలువ నీరు రాగానే ప్రతి కంచంలోనూ తెల్లని అన్నం పడలేదు. నాట్లు వేసిన కూలీలకు ఎన్నో ఏళ్ళు గంజి, చద్దన్నమే ఆధారమయ్యాయి. మిగిలిన అన్నాన్ని పులిసిన తరవాణిలో నానవేసుకొనడం రుచి కోసం మాత్రమే కాదు, మెతుకు వృథా కారాదన్న ఎరుకతో పుట్టిన అలవాటు.

వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తేమ ఉండగానే, రైతులు చేలో మినుములు, పెసలు చల్లుతారు. ఆ తేమతోనే అపరాలు పండుతాయి. పండుగనాటి గారెలు, బలాన్నిచ్చే సున్నుండలు, ఉదయపు పెసరట్టు ఈ సేద్య విధానానికి అనుబంధమైన వంటలే.

సంప్రదాయమంటే మార్పెరుగని వస్తువు కాదని ఈ వంటలు చాటుతున్నాయి. పరాయి మిరపను ఆదరించిన చేతులే పాత ఆవపిండిని విడువలేదు. నేడు పచ్చళ్ళు అంగళ్ళలో సీసాలతో దొరుకుతున్నాయి. రుచిని కొనుక్కొనవచ్చు, కాని దాని వెనుక ఉన్న నేర్పును, శ్రమను, ఆకలి చరిత్రను అడిగి తెలుసుకొనవలసిందే. ఆ తెలిసిన పెద్దలు ఇంట ఉండగానే యువతరం ఆ పని చేయడం మేలు.