పలకని ‘కె’



డిక్టేషన్‌లో టీచర్ ‘నీ’ అని చెబితే మీ పాప ఎన్, ఇ, ఇ అని రాసి మార్కు పోగొట్టుకుందా? దయచేసి కోప్పడకండి. విన్నది విన్నట్టే రాసింది. తెలుగులో మనం నేర్పిందీ అదే కదా! మోకాలు అనే అర్థం వచ్చే ఈ మాటకు ముందు పలకని ‘కె’ ఒకటి ఉంది.

ఒకప్పుడు ఇంగ్లిష్ వాళ్లు దాన్ని పలికేవారు. 17, 18వ శతాబ్దాలకల్లా నోటి నుంచి జారిపోయింది, రాతలో మాత్రం మిగిలిపోయింది. జర్మన్లు మోకాలిని ఇప్పటికీ ‘క్నీ’ అనే అంటారు.

నాట్ అంటే ముడి, నాక్ అంటే తలుపు తట్టడం, నైట్ అంటే యోధుడు. వీటన్నిటికీ ముందు ‘కె’ ఉండాల్సిందే. మరిచిపోతే ముడి కాస్తా ‘కాదు’ అవుతుంది, యోధుడు రాత్రి అయిపోతాడు. అన్నిటికన్నా పిల్లలు నవ్వేది ‘నిట్’ దగ్గర: ‘కె’ ఉంటే ఊలు అల్లడం, లేకపోతే తలలో ఈపి!

ఈసారి చపాతీ పిండి కలిపేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, పొడిపిండిలో వేలితో ఈ మాటలు రాయించండి. పిండి పిసకడం కూడా ఈ జాబితాలోదే: కె, ఎన్, ఇ, ఎ, డి.