శ్వాసయంత్రం నీడలో సంధి

జ్వరం ముదిరినప్పుడు రోగి పలికే పొంతన లేని మాటలను మన పెద్దలు 'సంధి ప్రేలాపన' అనేవారు. ఆధునిక వైద్యంలో దీని పేరు డెలిరియం. ఈ మాటకు లాటిన్‌లో మూలార్థం 'నాగటి చాలు తప్పడం'. సేద్యం ఎరిగిన కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఈ పోలికను వివరించనక్కరలేదు. తిన్నగా సాగవలసిన ఆలోచన చాలు విడిచి గట్టెక్కుతుంది.

ఇంటెన్సివ్ కేర్‌లో, గొంతులో గొట్టంతో వెంటిలేటర్‌పై ఉన్న రోగులలో ఈ స్థితి చాలా తరచుగా కనిపిస్తుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యులు 2004లో ప్రకటించిన పరిశీలనలో, అటువంటి 224 మందిలో 183 మందికి సంధి కలిగింది. ఆరు నెలలలోపల సంధి కలిగినవారిలో నూటికి 34 మంది, కలగనివారిలో నూటికి 15 మంది మరణించారు. సంధి ఎక్కువ రోజులు సాగినవారికి ఏడాది గడిచినా ఆలోచనాశక్తి తగ్గి ఉన్నట్లు 2013లో వెలువడిన మరొక పరిశీలన తెలిపింది. కనుక దీనిని తాత్కాలికమైన కలవరపాటుగా తీసిపారవేయరాదు. ఇది పిచ్చి కూడా కాదు. గుండె, మూత్రపిండాల వలెనే మెదడు కూడా వ్యాధి భారానికి తడబడుతున్నదనడానికి ఇది గుర్తు.

కారణం ఒక్కటే ఉండదు. రక్తంలో సోకిన విషక్రిములు, ప్రాణవాయువు కొరత, నిద్రలేమి, నొప్పి, వార్ధక్యం, అంతకు ముందే ఉన్న మతిమరపు, ఇవన్నీ దోహదం చేస్తాయి. రోగిని మత్తులో ఉంచడానికి వాడే మిడజోలాం, లోరజెపాం వంటి మందులు కూడా ఇందుకు కారణం కావచ్చు.

సంధి అనగానే గొట్టాలు పీకివేయబోయే రోగి మన కళ్ళముందు మెదులుతాడు. కాని చాలామందిలో ఇది మౌనంగా ఉంటుంది. రోగి శూన్యంలోకి చూస్తూ, పిలిస్తే పలకక పడి ఉంటాడు. 'హాయిగా నిద్రపోతున్నారు' అని మనం పొరబడతాము.

గొట్టం ఉన్న రోగి మాట్లాడలేడు. అందుచేత వైద్యులు 2001లో ఒక చిన్న పరీక్షను వెలువరించారు. నర్సు కొన్ని ఆంగ్లాక్షరాలు చదువుతుంది; 'ఎ' వినిపించినప్పుడల్లా రోగి ఆమె చేయి నొక్కాలి. రాయి నీటిపై తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా వంటి ప్రశ్నలకు తల ఊపాలి.

ఇక్కడే మన కుటుంబాలకు ఒక చిక్కున్నది. పిల్లలను చూడవచ్చి ఆసుపత్రి పాలైన అమ్మగారికి ఆంగ్లం రాకపోతే, ఆమె తప్పినది తెలివా, భాషా? ఎవరికి తెలుస్తుంది? అమెరికాలో ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇటువంటి రోగికి ఉచితంగా దుబాసీని సమకూర్చవలసి ఉన్నది. మొహమాటపడక అడగండి.

సంధిని మాన్పే మందు ఇంతవరకు లేదు. ఎంతోకాలంగా వాడుకలో ఉన్న హాలోపెరిడాల్ ఉత్తుత్తి మందుకన్న మెరుగు కాదని 2018లో ప్రకటించిన పరీక్షలో తేలింది. మేలు చేసేవి వేరు. నొప్పి తగ్గించడం, మత్తు తగ్గించి రోజూ మేల్కొలిపి చూడడం, స్వయంగా ఊపిరి తీసుకోగలరేమో పరీక్షించడం, వీలైనంత త్వరగా కూర్చోబెట్టి నడిపించడం. ఈ వరుసలో చివరిది కుటుంబ సభ్యుల తోడు.

ఆ తోడుగా మనం చేయగలిగినది కొంత ఉన్నది. కళ్ళజోడు, వినికిడి యంత్రం ఇంట్లో మరచిపోకండి. పగలు తెరలు తీయించండి. రాత్రి దీపాలు, చప్పుళ్ళు తగ్గించమని కోరండి. అంతకు ముందు ఆమె జ్ఞాపకశక్తి ఎలా ఉండేదో, ఏ మందులు వాడేవారో వైద్యులకు చెప్పండి. నడవడిలో మార్పు కనిపిస్తే, 'ఈవేళ అమ్మ అమ్మలా లేదు' అన్న ఆ మాటనే నర్సుతో చెప్పండి. ఆ తేడాను కుటుంబానికన్న ముందుగా ఎవరు గుర్తించగలరు?

లేనివి ఉన్నాయని ఆమె భయపడుతుంటే వాదించకండి. చేయి పట్టుకొని, 'అమ్మా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. ఈరోజు మంగళవారం. ఊపిరి కోసం గొట్టం పెట్టారు. మేమంతా ఇక్కడే ఉన్నాం' అని మెల్లగా చెప్పండి. గంట గడిచాక మళ్ళీ చెప్పండి. పరాయి శబ్దాల నడుమ చాలు తప్పిన మనసుకు దారి చూపడానికి అమ్మభాషలో ఒక పిలుపు ఎంతో ఆసరా.