చిన్న బొమ్మలో రంగు ఎందుకు తప్పుతుంది?

జీవశాస్త్రం రికార్డులో బొమ్మలు వేయడం మీకు కొత్త కాదు. పేజీకి ఒకే బొమ్మ వేసినప్పుడు రంగులు బాగానే కుదురుతాయి. అదే పేజీలో ఆరు సీతాకోకచిలుకలనో, ఎనిమిది ఆకులనో తపాలా బిళ్ళంత చిన్నవిగా వేయాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. పెద్ద బొమ్మకు చక్కగా రంగులు వేసే చెయ్యే చిన్న బొమ్మ దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. "నాకు బొమ్మలు రావు మాస్టారూ" అని చాలామంది అక్కడే వదిలేస్తారు. నిజానికి తప్పు చేతిది కాదు. అది ఎవరిదో తెలుసుకోవడానికి ముందుగా మా తరగతిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన రికార్డులో 3 సెంటీమీటర్ల వెడల్పున ఒక సీతాకోకచిలుకను వేసింది. నల్లని రెక్కలు, వెనుక రెక్కల మధ్య తెల్లని మచ్చ, అంచు వెంట ఎర్రని మచ్చలు, చివర రెండు తోకలు. కింద 'కామన్ మార్మన్, ఆడది' అని రాసింది. దిద్దుతూ చూస్తే దాని శరీరం నాకు ఎర్రగా కనబడింది. 'ఇది కామన్ రోజ్' అని పక్కన రాసి ఒక మార్కు తగ్గించాను.

మరునాడు ఆ అమ్మాయి రికార్డు పట్టుకుని వచ్చింది. "ఇది రోజ్ కాదు మాస్టారూ! మా పెరట్లో కరివేప మొక్క మీద దొరికిన గొంగళిపురుగును సీసాలో పెట్టి నేనే పెంచాను. అందులోంచి వచ్చిందే ఇది. బొమ్మ వేసుకుని వదిలేశాను" అంది.

ఆ ఒక్క మాటతో వ్యవహారం తేలిపోయింది. కరివేప, నిమ్మ ఆకులు తిని పెరిగేది కామన్ మార్మన్ గొంగళిపురుగు. కామన్ రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ జాతి మొక్కల ఆకులు తింటుంది, కరివేప జోలికి పోదు. కాబట్టి అమ్మాయి చెప్పిందే నిజం. మరి శరీరం ఎర్రగా ఎలా కనబడింది?

ఎరుపు అంత ముఖ్యమా?

ముఖ్యమే. ఈశ్వరి తీగలో విషపదార్థాలున్నాయి. దాన్ని తిని పెరిగిన కామన్ రోజ్ ఒంట్లోనూ ఆ విషం నిలిచి ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్ళీ అటువంటి సీతాకోకచిలుకను ముట్టదు. కామన్ మార్మన్‌లో అటువంటి విషం లేదు. కాని దాని ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్ రెక్కల వంటి రెక్కలతోనే పుడతాయి. పక్షి వాటిని రోజ్ అనుకుని వదిలేస్తుంది. దీనినే అనుకరణ అంటారు. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే శాస్త్రజ్ఞుడు అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను పరిశీలించి, ఇటువంటి అనుకరణను 1862లో వివరించాడు.

మరి మనం ఈ రెండింటినీ గుర్తుపట్టేదెలా? శరీరం చూసి. కామన్ రోజ్ తల, రొమ్ము పక్కలు, పొట్టలో ఎక్కువ భాగం ఎర్రగా ఉంటాయి. కామన్ మార్మన్ శరీరం నల్లగా ఉంటుంది. నిజమైన సీతాకోకచిలుక రెక్కలు చాస్తే 9, 10 సెంటీమీటర్లు ఉంటుంది. 3 సెంటీమీటర్ల బొమ్మలో దాని శరీరం వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు. ఆ 2 మిల్లీమీటర్లలో రంగు తప్పితే జంతువే మారిపోయింది!

నేను భూతద్దం తెచ్చి ఆ బొమ్మను చూశాను. ఇద్దరు దొంగలు దొరికారు.

మొదటి దొంగ: పాకే సిరా

అమ్మాయి రెక్క మీది ఎర్రమచ్చలను స్కెచ్ పెన్నుతో వేసింది. పొట్టకు ఆనుకుని ఉన్న మచ్చల నుంచి ఎరుపు పక్కకు పాకి, ఇంకా రంగు వేయని శరీరంలోకి చేరింది.

స్కెచ్ పెన్ను మొన సన్నని పోగుల కట్ట. లోపలి సిరాలో రంగు పదార్థం నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. మార్కర్లలో కొన్నింటికి నీటి బదులు స్పిరిటు వాడతారు. కాగితం కూడా పోగుల అల్లికే. ఆ పోగుల మధ్య సన్నని సందులు సిరాను లాక్కుంటాయి. దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కేదీ ఇలాగే. ఈ గుణాన్ని కేశనాళికీయత అంటారు. మొనను కాగితం మీద ఎంతసేపు ఆనిస్తే సిరా అంత దూరం పాకుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. శరీరానికి రెండు పక్కల నుంచి ఎరుపు అర మిల్లీమీటరు చొప్పున పాకిందనుకుందాం. మొత్తం 1 మిల్లీమీటరు. 2 మిల్లీమీటర్ల శరీరంలో అది సగం! అదే బొమ్మను 30 సెంటీమీటర్ల వెడల్పున వేసి ఉంటే శరీరం 20 మిల్లీమీటర్లు ఉండేది. అప్పుడు ఎరుపు పాకిన మేర ఇరవయ్యో వంతు మాత్రమే. ఎవరూ గమనించేవారు కాదు.

అసలు కిటుకు ఇదే. బొమ్మను చిన్నది చేస్తే అందులోని రెక్క, పొట్ట, మచ్చ అన్నీ చిన్నవవుతాయి. కాని సిరా పాకే దూరం చిన్నది కాదు. అది బొమ్మను చూసి తగ్గదు.

రెండవ దొంగ: కాగితపు గుంటలు

సిరా ఆరాక అమ్మాయి శరీరం మీద నల్ల పెన్సిలుతో దిద్దింది. అయినా ఎరుపు ఎందుకు కనబడింది?

రంగు పెన్సిలు ములుకులో నీటిలో కరగని రంగు పొడి ఉంటుంది. దీనిని వర్ణకం అంటారు. దానికి మెత్తని మట్టి వంటి పొడి, మైనం, బంక కలిపి ములుకు చేస్తారు. కాగితం కంటికి నున్నగా కనబడినా భూతద్దం కింద గుట్టలు, గుంటలుగా ఉంటుంది. ములుకు రాసినప్పుడు రంగు గుట్టల మీద అంటుకుంటుంది, గుంటల్లోకి దిగదు. తెల్ల కాగితం మీదైతే ఆ గుంటలు తెల్లని చుక్కలుగా కనబడతాయి. ఇక్కడ గుంటల్లో అప్పటికే ఎర్ర సిరా ఉంది. కాబట్టి నలుపు మధ్య ఎర్రచుక్కలు మిగిలాయి. గుంటలు కూడా బొమ్మతో పాటు చిన్నవి కావు కదా!

కన్ను కలిపేస్తుంది

భూతద్దం కింద నలుపు, ఎరుపు వేరువేరుగా కనబడ్డాయి. మామూలుగా చూసినప్పుడు మాత్రం ముదురు ఎరుపుగా కనబడ్డాయి. దీనికి కారణం మన కన్నే.

ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక నిమిషం. రెండు చుక్కల మధ్య కోణం సుమారు ఒక నిమిషం కంటె తక్కువైతే మన కన్ను వాటిని విడదీయలేదు. 25 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పట్టుకుంటే ఇది 0.07 మిల్లీమీటరు అవుతుంది. అంతకంటె దగ్గరగా ఉన్న రెండు రంగులను కన్ను కలిపి ఒకే రంగుగా చూస్తుంది. రంగుల్లో అచ్చయిన పత్రికా ముఖచిత్రం ఏదైనా భూతద్దంతో చూడండి. ఆకాశనీలం, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలే కనబడతాయి. భూతద్దం తీస్తే మామిడిపండు, ముఖం, ఆకాశం అన్నీ వస్తాయి.

కన్నుకు మరొక గుణం ఉంది. నేత్రపటలం మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంది. దేనినైనా తేరిపార చూసినప్పుడు దాని ప్రతిబింబం పడేది అక్కడే. ఫోవియా నడిబొడ్డున నీలాన్ని గుర్తించే శంకు కణాలు దాదాపుగా లేవు. అందువల్ల చాలా చిన్న నీలిచుక్క నల్లగాను, చాలా చిన్న పసుపుచుక్క తెల్లగాను అనిపిస్తుంది. తెల్ల కాగితం మీద 1 మిల్లీమీటరు చుక్కలు ముదురు నీలంతో ఒకటి, నలుపుతో ఒకటి పెట్టి, 2 మీటర్ల దూరం నుంచి చూడండి. ఏది ఏదో చెప్పడం చాలామందికి కష్టమవుతుంది. కాబట్టి చిన్న బొమ్మలో నీలం ఉన్నదున్నట్టు వేస్తే చాలదు, కాస్త లేతగా వేయాలి. పసుపును కాస్త చిక్కగా వేసి, పక్కన సన్నని ముదురు అంచు ఇవ్వాలి.

ఇలా వేయండి

ఇక పనిలోకి దిగుదాం. సిరా, కాగితం, కన్ను ఈ మూడూ మన మాట వినవు. మనమే వాటి మాట వినాలి.

1. నున్నని, మందపాటి కాగితం తీసుకోండి. అందులోనే ఒక ముక్క చిత్తుకు ఉంచుకుని, ప్రతి రంగునూ ముందు దాని మీద పరీక్షించండి.

2. బొమ్మ గీతలు మామూలు పెన్సిలుతో పలచగా గీయండి. రంగు వేయబోయే ముందు గీత కనబడీ కనబడనట్టు చెరపండి. లేకపోతే పెన్సిలు నలుపు పసుపుతో కలిసి మురికిగా మారుతుంది.

3. స్కెచ్ పెన్ను ముందు, రంగు పెన్సిలు తరవాత. పెన్సిలులో మైనం ఉంది కదా! తామరాకు మీద నీటిబొట్టులాగా, మైనం మీద నీటి సిరా నిలవదు. పైగా పెన్ను మొన పూడుకుపోతుంది.

4. లేత రంగులు మొదట, ముదురువి చివర వేయండి. సిరా పారదర్శకమైనది కాబట్టి నలుపు మీద పసుపు వేస్తే కనబడదు. తెల్లని మచ్చకు ఏ రంగూ వద్దు, కాగితాన్నే వదిలేయండి. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది కనుక ఆ మచ్చను కావలసిన దానికంటె కొంచెం పెద్దదిగా వదలండి.

5. పెన్నును గీత దాకా తీసుకుపోకండి. అర మిల్లీమీటరు ఇవతలే ఆపండి. మిగిలిన దూరం సిరాయే నడుస్తుంది. మొన ఆనించి వెంటనే ఎత్తండి. ఒక రంగు పూర్తిగా ఆరాకే పక్క రంగు వేయండి.

6. 2 మిల్లీమీటర్ల కంటె సన్నని భాగాలకు పెన్ను అసలే వద్దు. అక్కడ పెన్సిలే మేలు. ములుకును గరుకు కాగితం మీద తిప్పుతూ సూదిలా చేసుకోండి. గట్టిగా నొక్కకుండా మూడు నాలుగు పూతలు వేయండి. ఒక్కొక్క పూత ఒక్కొక్క దిశలో వేస్తే గుంటలు కూడా నిండుతాయి. నొక్కితే మైనం మెరుగెక్కి, పై పూత అంటుకోదు.

7. బొమ్మ నిజమైనదానిలా ఉండాలంటే వెలుగు ఎటునుంచి వస్తోందో ముందే నిర్ణయించుకోండి. పొట్ట గుండ్రని గొట్టం వంటిది. దాన్ని ఒకే నలుపుతో నింపితే అట్టముక్కలా ఉంటుంది. వెలుగు పడే వైపు వెంట్రుకంత సన్నని బూడిదరంగు గీత మిగిల్చి, అవతలి వైపు చిక్కని నలుపు వేయండి. ఆ ఒక్క గీతతో పొట్టకు గుండ్రదనం వస్తుంది. రెక్కల మీద నలుపు కింద ముందుగా ఒక పూత గోధుమరంగు వేస్తే సహజంగా ఉంటుంది. పెన్సిలు గీతలు రెక్క మొదలు నుంచి అంచు దాకా, ఈనెల వెంటే పోవాలి.

8. ఉన్న వివరాలన్నీ వేయాలని ఆశపడకండి. 0.07 మిల్లీమీటరు కంటె దగ్గరగా ఉన్న ఈనెలు ఎలాగూ చాలామందికి విడిగా కనబడవు. కనబడని నలభై గీతల కంటె కనబడే నాలుగు నయం. అయితే గుర్తుపట్టడానికి ఆధారమైన భాగాన్ని మాత్రం ఎన్నడూ వదలరాదు. బొమ్మ మొదలుపెట్టే ముందే, 'దీన్ని దేనిని బట్టి గుర్తుపడతాం?' అని ప్రశ్నించుకుని, ఆ భాగానికే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

9. పూర్తయ్యాక రికార్డును చేతి దూరంలో పట్టుకుని చూడండి. తరవాత భూతద్దంతో చూడండి. రెండు చూపుల్లోనూ రంగు ఒకటే చెప్పాలి. చివరగా, బొమ్మ సహజ పరిమాణంలో ఎన్నో వంతో కింద రాయండి.

మీరే చేసి చూడండి

నోటుపుస్తకం కాగితం, డ్రాయింగు కాగితం, వార్తాపత్రిక అంచు మూడూ తీసుకోండి. ఒక్కొక్కదాని మీద ఒకే స్కెచ్ పెన్నును 1 సెకను, 5 సెకనులు, 10 సెకనులు ఆనించండి. ఆరాక చుక్కల వెడల్పును స్కేలుతో కొలిచి పట్టిక వేయండి. ఏ కాగితం మీద సిరా ఎక్కువ పాకింది? ఏ రంగు ఎక్కువ పాకింది? మీ రికార్డు కాగితానికి అర మిల్లీమీటరు ఎడం చాలుతుందా, ఇంకా కావాలా? ఇది మీ పట్టికే మీకు చెబుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె మార్కు ఆమెకు తిరిగి ఇచ్చాను. 'ఇది కామన్ రోజ్' అని రాసిన నా అక్షరాలను నేనే కొట్టివేశాను. కాని ఆమె అంతటితో ఊరుకోలేదు. అదే పేజీలో, అదే 3 సెంటీమీటర్లలో మార్మన్‌ను మళ్ళీ వేసింది. ఈసారి శరీరానికి పెన్ను తగలనీయలేదు. పక్కనే కామన్ రోజ్‌ను కూడా వేసి, రెండింటి మధ్య బాణం గుర్తుతో 'శరీరం చూడండి' అని రాసింది. ఇప్పుడు ఆ బొమ్మను చూసినవారు ఎవరూ పొరబడరు, దిద్దే మాస్టారుతో సహా.