పాత కారు – ఇంజను పరిమాణం

పాత కారు కొనదలచినవారిని మొదట ఆకర్షించేది ధర; ఇంజను సంగతి తరువాతే గుర్తుకు వస్తుంది. 2012లో వచ్చిన ఆల్టో 800 ఇంజను 796 సీసీలది. 2010లో వచ్చిన ఆల్టో కె10 ఇంజను 998 సీసీలది. సిలిండర్లు రెండింటికీ మూడే. ఊరి వీధులలో ఇద్దరు తిరగడానికి చిన్నది చాలును. పెట్రోలూ ఆదా అవుతుంది. అయితే నలుగురితో, సామానుతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు దానిని తక్కువ గేరులో అధిక వేగంతో తిప్పవలసి వస్తుంది. ఆదా అయిన ఇంధనం ఆ మలుపులలోనే ఖర్చవుతుంది. ఏళ్ల తరబడి అట్లు శ్రమించిన చిన్న ఇంజను కంటె, తేలికగా నడిచిన పెద్ద ఇంజను మేలు కావచ్చును. కనుక బేరమాడుటకు ముందే బండినిండా మనుషులను కూర్చోబెట్టి మిట్ట ఎక్కించి చూడవలెను. సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చినచో లోపల ఇంజనాయిలు కాలుతున్నదని గ్రహించవలెను. అటువంటి బండి ఎంత చౌకగా లభించినా, దాని మరమ్మతుకు ఒక చిన్న కుటుంబం కూడబెట్టిన సొమ్మంతా చాలకపోవచ్చును.